నీళ్ళ కాగితం

"కాయితం ఎక్కడ దాసినావమ్మా?"

పొద్దుట్నుంచి ధనశ్రీ ఈ మాట అడగడం నాలుగోసారి. మంచం కింద చూసింది. బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసింది. దేవుడి పటాల వెనక చూసింది. ఆఖరికి ట్రంకుపెట్టె కూడా బోర్లించింది. జాలరిపేటలో ఆ రెండు గదుల ఇల్లు ఇప్పుడు దొంగలు పడి వెళ్ళినట్టుంది.

అడిగింది తల్లి సూర్యకళని. గుమ్మం దగ్గర కత్తిపీట వేసుకుని చేపల పొలుసు తీస్తోంది. ఇరవై అయిదేళ్ళ కూతురు నెత్తి మీద నిలబడి అరుస్తుంటే తలెత్తకుండా ఉండటానికి చాలా మొండితనం కావాలి. అది ఆవిడకి కావలసినంత ఉంది. కూతురికి ఇచ్చింది కూడా అదే.

కాగితం లోపలి గది తలుపు వెనకే ఉంది. అక్కడ మేకుకి ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా వేలాడుతోంది. ఖాళీ నూనె డబ్బా. కాగితాన్ని చుట్టచుట్టి అందులో దూర్చి మూత బిగించేసింది సూర్యకళ. పదిహేడేళ్ళుగా ఒకేచోట వేలాడే వస్తువుని ఇంట్లో వాళ్ళెవరూ చూడరు.

"నాలుగ్గంటలకి క్లబ్బు రాజుగారు వొచ్చీత్తారు. కాయితం సేతిలో పెట్టకపోతే రేపు నన్ను హెలికాప్టర్ ఎక్కనివ్వరు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే దాసినావా?"

"నాను దాసినానని ఎవరన్నారు?"

"నీ మొకమే అంటంది."

మంచం మీద కూర్చుని తమలపాకు నములుతున్న గంగాలమ్మకి తల్లీకూతుళ్ళ తగువు మంచి కాలక్షేపంగా ఉంది. సూర్యకళ అత్తగారు ఆవిడ, భర్త అర్జునరావు తల్లి. "ఓసి గుంటా, మీ అమ్మ పెళ్ళైన కొత్తలో నా ఒడ్డాణం ఇలగే దాసింది. ఆర్నెల్లకి దొరికింది. నువ్వు సాయంత్రానికి అడిగితే ఎలగ?" అంది.

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే సూర్యకళే ముందు నవ్వేది.

రేపు ఆదివారం. పొద్దున్న తొమ్మిదికి భీమిలి ఒడ్డున పండగలాంటిది పెట్టారు. ఆకాశంలోంచి అయిదుగురు ప్యారాచూట్లతో దూకుతారు. అందులో ఒకతె ధనశ్రీ. పోస్టరు మీద ఫొటో కూడా వేశారు, కింద "మన జాలరిపేట అమ్మాయి" అని. ఆ పోస్టరు ద్వారకా నగర్ బస్టాండు గోడ మీద చూసినప్పట్నుంచి సూర్యకళకి అన్నం గొంతు దిగడం లేదు.

అప్పుడే అర్జునరావు వచ్చాడు. భుజం మీది వల దింపి, చిందరవందరగా ఉన్న ఇంటిని చూసి, "ఏటిది? గాలివాన ఒక్క మనింట్లోకే వొచ్చినాదేటి?" అన్నాడు.

"నాన్నా, నువ్వు సంతకం పెట్టిన కాయితం కనపడతల్లేదు."

అర్జునరావు మొహం వాడిపోయింది. ఆ కాగితం అంటే అతనికి ప్రాణం. నా కూతురు ధనశ్రీకి ఈత బాగా వచ్చు, నీళ్ళలో పడినా తనంతట తాను బయటపడగలదు, దానికి నేను పూచీ అని అందులో రాసి ఉంది. కింద అతని సంతకం. రేషన్ కార్డు మీద కూడా అంత గుండ్రంగా పెట్టలేదని పేటలో పదిమందికి చెప్పుకున్నాడు.

"మూడుసార్లు వేరే కాయితం మీద రాసి సూసుకుని మరీ పెట్టినాను. ఎక్కడ పెట్టినావు సూర్యకళా?"

"నాకు తెల్దు మావా."

"నువ్వు తీసి దాసినావని గుంట అంటంది."

సూర్యకళ చేపని తిరగేసింది. పొలుసు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు తోలు ఊడుతోంది.

"పోతే పోనాది, ఇంకోటి రాత్తాను," అన్నాడు అర్జునరావు. "రాజుగారు నన్ను నమ్మినారు. రేపు కింద కాపలా బోటు ఎవరిదనుకున్నారు? మనదే. నాను, దుర్గారావు బావ ఉంటాము. పైనుంచి నా కూతురు, కింద నాను. ఇంకేటి కావాల?"

గంగాలమ్మ నమలడం ఆపింది. "తొమ్మిదికా దూకుతాది? అప్పుడు గాలి ఇంకా ఒడ్డు మీంచి లోపలికే కదరా తోస్తాది?"

"తొమ్మిదికి తగ్గిపోద్ది లేయే."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే ఒడ్డుకి కొంచిం అవతల పడతాది. మన పిల్లకి ఈత రాదేటి?"

అతను ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, సూర్యకళ చేతిలోంచి చేప జారి గుమ్మంలో పడింది.

వేకువనే తెప్పల్ని, బోట్లని సముద్రంలోకి తోసుకుపోయేది ఆ గాలే. పేటలో ప్రతి ఆడదానికీ దాని సంగతి తెలుసు. మొగుణ్ణి తీసుకుపోయే గాలి అది. మధ్యాహ్నం తిరిగే గాలి కోసం ముప్ఫై ఏళ్ళుగా ఒడ్డున కూర్చుంది సూర్యకళ. రేపు ఆ గాలిలో కూతురు ఒక గుడ్డ పట్టుకుని వేలాడుతుంది.

ఆవిడ చేతులు కడుక్కుని లేచింది. "ధనశ్రీ, లోపలికి రా," అంది.

*

లోపలి గదిలో తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది.

"నీకు ఈత రాదు."

బయట నాన్న విన్నాడేమోనని ధనశ్రీ తలుపు వైపు చూసింది.

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెల్దు. రాదని సెప్పీయ్. రాజుగారికి నువ్వే సెప్పీయ్."

"ఇప్పుడు సెప్పమంతావా? రాదని సెప్పొద్దని నేర్పింది ఎవరు?"



నిజమే. నేర్పింది సూర్యకళే. ధనశ్రీకి ఏడేళ్ళప్పుడు ఒడ్డున గవ్వలేరుకుంటుంటే ఒక అల వచ్చి లాక్కుపోయింది. సూర్యకళ చేతికి జుట్టు దొరికింది కాబట్టి బతికింది. తర్వాత నెలల తరబడి తల మీద చెంబుడు నీళ్ళు పోసినా కేకలు పెట్టేది. అర్జునరావు మాత్రం ఊరుకోలేదు. పేటలో ప్రతి తండ్రీ చేసేదే అతనూ చెయ్యబోయాడు. నడుముకి ఖాళీ డబ్బా కట్టి, తాడు పట్టుకుని, ఒడ్డు దగ్గర నీళ్ళలో వదులుతారు. పిల్లలు రెండు గుక్కలు మింగి, మూడోనాటికి చేపలైపోతారు. తెల్ల డబ్బా దానికోసమే తెచ్చాడు.

సూర్యకళ తట్టుకోలేకపోయింది. పిల్లని ఆనందపురంలో తన అక్క మహాలక్ష్మమ్మ ఇంట్లో పెట్టి బళ్ళో వేసింది. మరుసటేడు సెలవులకి తెచ్చినప్పుడు, "అక్కడ నేలబావిలో ఈత నేర్చీసుకుంది మావా," అని చెప్పింది. "నాన్న అడిగితే వచ్చని సెప్పు," అని పిల్లకీ చెప్పింది. అర్జునరావు సంతోషించి డబ్బాని మేకుకి తగిలించాడు. పేటలో పుట్టిన పిల్లకి ఈత రాదన్న ఊహ అతని బుర్రలోకి మళ్ళీ రాలేదు. ఎవరి బుర్రలోకీ రాలేదు.

"ఇసక మీద దిగుతాను," అంది ధనశ్రీ. "నీల్లకి మూడొందల అడుగులు ఇవతల గుర్తు పెడతారు. లైఫ్ జాకెట్ ఇత్తారు. అరవై రెండుసార్లు దూకినాను, ఒక్కసారి కూడా తడవలేదు."

"అక్కడ సెరుకు తోటలని నువ్వే సెప్పినావు. ఇక్కడ తోటలున్నాయేటే?"

మూడేళ్ళ కిందట హోటల్లో పనికి మారిషస్ వెళ్ళింది ధనశ్రీ. అక్కడ పక్కనే ప్యారాచూట్లతో దూకించే మైదానం ఉంది. తాళ్ళు చిక్కుపడి, దాన్ని నడిపే దొరగారు తల పట్టుకుంటే, ఈ పిల్ల కూర్చుని పది నిమిషాల్లో విడదీసిందట. వలలు బాగుచేసిన చేతులకి అదో లెక్కా? మర్నాటినుంచి ప్యారాచూట్లు మడతపెట్టే పని ఇచ్చారు. దాంతోపాటే దూకడం నేర్చుకుంది, బి అనే అక్షరం ఉన్న లైసెన్సు తెచ్చుకుంది. సూర్యకళకి ఆ అక్షరం మీద ఎంత కోపమంటే, కనపడితే కత్తిపీట మీద పెట్టి కోసేది.

"నీకు బయం లేదేటే?"

"పైనుంటే లేదు."

"నీల్లంటే?"

ధనశ్రీ సముద్రం వైపు కిటికీ రెక్క మూసేసింది.  

"మా బాసు మళ్ళీ మెసేజ్ పెట్టినాడు," అంది. "వొచ్చే ఆదోరం అక్కడ బీచ్‌లో షో ఉంది. గురువారం ఫ్లైటు ఎక్కితే సాలు. అక్కడ ఈ నీళ్ళ కాయితం అడగరు, నా బి సూసి పంపీత్తారు. నానే రానన్నాను. ఎందుకో తెలుసా? ఒక్కసారైనా నాన్న సూత్తండగా మన ఇసకలో దిగాలని. నాన్న కింద బోటులో ఉంటే నాకు దైర్నం అమ్మా. ఆ కాయితం ఇచ్చీయ్."

  సూర్యకళ చెయ్యి తలుపు వెనక డబ్బా వైపు వెళ్ళింది.

బయట మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడైంది.

*

కృష్ణంరాజు గారు చెప్పులు బయట విడిచి, తల వంచి లోపలికి వచ్చారు. భీమవరం మనిషి. పదిహేనేళ్ళు దేశదేశాల్లో దూకి, ఇప్పుడు ఇక్కడ తూర్పుతీరం స్కై క్లబ్బు నడుపుతున్నారు. నెమ్మదైన మనిషి. ఎడమ కాలు కొంచెం ఈడుస్తారు.

"కాగితం సిద్ధమేనాండీ అర్జునరావు గారూ?"

"ఎక్కడో పెట్టి మర్చిపోనారండి మావోల్లు. మల్లీ రాసిచ్చీత్తాను."

సూర్యకళ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి వెళ్ళిపోలేదు, అక్కడే నిలబడింది.

"బాబూ, నాకొకటి సెప్పండి. అమ్మాయికి లైసెన్సు ఉంది కదా. మల్లీ ఈ కాయితం ఎందుకు?"

"అమ్మా!" అంది ధనశ్రీ.

"అడగనీ అమ్మా," అన్నారాయన. "బండి లైసెన్సు ఉంటే ఏ ఊళ్ళోనైనా బండే కదా నడుపుతాం. దీని పద్ధతి అలా కాదండీ, దేశానికో రకం. అమెరికా వాళ్ళు ఎ లైసెన్సుకి పాతిక సార్లు దూకమంటారు. ఇంగ్లండులో అంతకన్నా తక్కువకే ఇస్తారు. ఫ్రెంచి వాళ్ళ వరసే వేరు. మీ అమ్మాయి నేర్చుకున్నది ఆ ఫ్రెంచి పద్ధతి. ఆవిడకి బి ఉంది. అమెరికా పద్ధతిలోనూ బి ఉంది. చూడ్డానికి ఒకటే అక్షరం. కానీ అమెరికా బి కావాలంటే యాభైసార్లు దూకాక, సరంజామా అంతా కట్టుకుని నీళ్ళలో పడి, దాన్ని విప్పుకుని బయటికి రావాలి. అది చేసి చూపిస్తేనే బి. నా క్లబ్బు ఆ పద్ధతి పాటిస్తుంది."

"నీల్లలో పడితే ఏటవుద్ది బాబూ? జాకెట్ ఇత్తారు కదా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "జాకెట్ తేలుస్తుందండీ. కానీ ప్యారాచూట్ గుడ్డ వచ్చి తల మీద పడుతుంది. తడిసిన గుడ్డలోంచి గాలి ఆడదు. తాళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి. గాభరాపడి తన్నుకున్నకొద్దీ ఇంకా బిగుస్తాయి. నీళ్ళు అలవాటున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి, మెల్లగా అంచు పట్టుకుని బయటికొస్తారు. లేనివాళ్ళు..."

  తాళ్ళలో చిక్కుకుని తన్నుకునేవాటిని సూర్యకళ రోజూ బుట్టలో వేసుకుని అమ్ముతుంది.

"వేరే ఊరి అమ్మాయైతే నేనే ఈతకొలనులో తోసి పరీక్ష పెట్టేవాణ్ణి," అన్నారాయన. "జాలరిపేట పిల్లకి ఈత పరీక్ష పెడితే నన్ను చూసి నవ్వుతారని ఊరుకున్నాను. తండ్రి చేత రాయించుకుంటే చాలనుకున్నాను. అయినా తల్లి కూడా చెప్తే నాకు నిశ్చింత. అమ్మాయికి ఈత వచ్చు కదమ్మా?"

 

ధనశ్రీ తల్లి కళ్ళలోకి చూసింది. చెప్పకమ్మా అని ఆ చూపు బతిమాలుతోంది.

"దాన్నేటడుగుతారండి," అని నవ్వాడు అర్జునరావు. "ఎనిమిదో ఏటే నేలబావిలో..."

"రాదు," అంది సూర్యకళ.

"ఏటి?"

"ఈత రాదు మావా. నేలబావిలో నీల్లే లేవు. నీకు అబద్దం సెప్పినాను."

చెప్పేసింది. పదిహేడేళ్ళు కడుపులో దాచుకున్న మాట. బరువు దిగుతుందనుకుంది. దిగలేదు.

"అమ్మ నన్ను ఆపడానికి అంటంది," అంది ధనశ్రీ గబగబా. "నమ్మకు నాన్నా. నాకు వొచ్చు."

అర్జునరావు పెళ్ళాం వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. సంతకం పెట్టింది కూతురి కోసం.

"పదమ్మా," అన్నాడు. "రాజుగారు కూడా సూత్తారు. ఇలగ దిగి, అలగ వొచ్చీయ్. ఒక్క నిమిషం పని."

*

ఇంటికీ సముద్రానికీ మధ్య నూరడుగులు కూడా లేవు. సూర్యకళ కూతురి చెయ్యి పట్టుకోబోయింది. ధనశ్రీ విదిలించుకుంది.

"ఒద్దే, నా మాటిను. కాయితం ఇచ్చీత్తాను, రేపు దూకు, ఇప్పుడు మాత్రం దిగకు..."

ఏం మాట్లాడుతోందో ఆవిడకే తెలియడం లేదు.

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. అర్జునరావు మోకాలి లోతులో నిలబడి, పిల్లని నడక నేర్చుకోమన్నట్టు రెండు చేతులూ ముందుకి చాపాడు.

ధనశ్రీ నీళ్ళలోకి నడిచింది. పాదాలు మునిగాయి. పిక్కలు మునిగాయి. మోకాళ్ళు దాటాక ఆమె నడక మారింది. భుజాలు చెవుల దాకా లేచాయి. ఒక్కసారి వెనక్కి తిరిగింది.

ఆ మొహం సూర్యకళకి తెలుసు. అది ఇరవై అయిదేళ్ళ పిల్ల మొహం కాదు. జుట్టు పట్టుకుని లాగిన రోజు చూసిన మొహం.

"వొచ్చీయే! సాలు, వొచ్చీయ్!"

రాలేదు. ఆ మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకున్నాం కదా. తండ్రిని దాటి వెళ్ళింది. నడుము, ఛాతీ. గాల్లోకి దూకేటప్పుడు చాపినట్టు రెండు చేతులూ పక్కలకి చాపింది. అంతకన్నా ఆ చేతులకి ఏం చెయ్యాలో తెలియదు.

అల పెద్దదేమీ కాదు. పేట పిల్లలు దాని మీద ఎక్కి ఆడుకునేంత. వచ్చి, ఆమె మీదుగా వెళ్ళిపోయింది.

వెళ్ళాక అక్కడ ధనశ్రీ లేదు.

"మునకేసింది," అన్నాడు అర్జునరావు రాజుగారి వైపు తిరిగి. నవ్వుతూనే అన్నాడు. "సూడండి, అవతల తేల్తాది."

తేలలేదు.

ఇంకో అల వచ్చింది.  పదిహేడేళ్ళ కిందట సూర్యకళ అబద్ధం చెప్పినప్పుడు ఈ మనిషి ఎంత నమ్మాడో ఇప్పుడూ అంతే నమ్మకంగా నిలబడ్డాడు. కూతురు మునిగిపోతుంటే ఆ నమ్మకంతోనే చూస్తున్నాడు.

"మావా, అది మునక కాదు! దానికి రాదు, దానికి రాదు మావా!"

నీళ్ళలోంచి ఒక చెయ్యి లేచింది. వేళ్ళు గాలిని పట్టుకోబోయి మూసుకున్నాయి.

అప్పుడు అర్జునరావు మొహంలో నవ్వు పోయింది. ఒక్క ఉరుకు ఉరికాడు.

ఎంతసేపైందో తర్వాత ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. రాజుగారు ప్యాంటుతోనే నడుము లోతుకి వెళ్ళారు. ఇద్దరూ కలిసి మోసుకొచ్చి ఇసకలో బోర్లా పడుకోబెట్టారు. వీపు మీద నొక్కితే నీళ్ళు కక్కింది. దగ్గింది. ఏడ్చింది.

బతికే ఉంది. సూర్యకళ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని ఆ తడి జుట్టుని గుప్పిట్లో పట్టుకుంది. ఆనాడు పట్టుకున్నట్టే.

అర్జునరావు దూరంగా కూర్చున్నాడు. పెళ్ళాం వైపు చూడలేదు. "పదిహేడేళ్లు," అన్నాడు, అంతే.

*

"తప్పు నాదండీ," అన్నారు కృష్ణంరాజు గారు.  "సముద్రం పక్కన పుట్టిందని పరీక్ష పెట్టకపోవడం నా తప్పు. రేపటి జాబితాలోంచి పేరు తీసేస్తున్నానమ్మా."

సూర్యకళ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఇంకేం భయం లేదనుకుంది.

ధనశ్రీ లేచి కూర్చుంది. పెదాలు నల్లబడ్డాయి. గంగాలమ్మ తెచ్చి భుజాల మీద కప్పిన దుప్పట్లో ముడుచుకుని, నీళ్ళలోకి దిగే ముందు ఇసకలో పడేసిన ఫోను తీసుకుంది. తడి వేళ్ళతో ఏదో కొట్టింది.

"ఎవరికే?" అంది సూర్యకళ.

"మా బాసుకి. వొత్తానని సెప్పినాను."

"ఎక్కడికి?"

"గురువారం ఫ్లైటుకి. అక్కడి బీచ్ షోకి." గొంతు బొంగురుపోయింది గాని మాట తొణకలేదు. "ఇక్కడ ఒద్దన్నారు. అక్కడ అడగరు."

సూర్యకళకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక రాజుగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

"బాబూ, మీరు ఫోను సెయ్యండి. దీనికి ఈత రాదని ఆల్లకి సెప్పండి."

"చెప్తానమ్మా. తప్పకుండా చెప్తాను. కానీ..." ఆయన తల దించుకున్నారు. "నాకు తెలిసినంతవరకు వాళ్ళ పద్ధతిలో ఈవిడది తప్పేం లేదు. ఆ బి నిజమైన బియ్యే. కష్టపడి తెచ్చుకున్నదే. నేను ఆపగలిగేది నా హెలికాప్టర్ లోంచి దూకకుండా మాత్రమే."

ఆయన వెళ్ళిపోయారు. మోటార్‌సైకిల్ చప్పుడు దూరమైంది.

ఇక్కడైతే కింద తండ్రి బోటు ఉండేది. దుర్గారావు ఉండేవాడు. పేటంతా ఒడ్డున ఉండేది. అక్కడ ఎవరూ ఉండరు. నిజం చెప్పి సూర్యకళ సాధించింది ఇదా? 

"ఎల్లకే," అంది. "నీ కాల్లట్టుకుంతాను."

"ఎల్లకపోతే ఏటి సెయ్యమంతావు? ఆనందపురంలో దాక్కోమంతావా మల్లీ?"



అర్జునరావు లేచి ఇంట్లోకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు అతని చేతిలో తెల్ల డబ్బా, భుజం మీద తాడు ఉన్నాయి. నడుస్తుంటే డబ్బాలో ఏదో కదిలింది. మూత తీసి తలకిందులు చేసి తట్టాడు. చుట్టచుట్టిన కాగితం ఇసకలో పడింది. విప్పి తన సంతకం ఒకసారి చూసుకున్నాడు. దాన్ని నలిపి లుంగీలో దోపుకుని, మూత మళ్ళీ బిగించాడు.

"ఇయ్యాల శనోరం," అన్నాడు కూతురితో. "గురువారానికి ఎన్నాళ్ళుంది?"

"అయిదు రోజులు."

"లెగు."

"ఇప్పుడేటిరా?" అంది గంగాలమ్మ. "పిల్ల సచ్చి బతికింది. తెల్లారనీ."

"అప్పుడూ ఇలగే ఇంట్లోకి తీసికెల్లిపోనారు. బెదురు ఇంట్లో పెరిగింది. ఇప్పుడే దిగాల."

ధనశ్రీ సముద్రం వైపు చూసి కళ్ళు మూసుకుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అరవై రెండుసార్లు ఆకాశంలోంచి దూకిన పిల్ల, మోకాలి లోతు నీళ్ళ వైపు అడుగు వెయ్యలేక దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది. అయినా దుప్పటి తీసి కింద పడేసింది.

అర్జునరావు డబ్బాని, తాడుని సూర్యకళ ముందు పెట్టాడు. ఇంతసేపటికి మొదటిసారి పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"నువ్వు కట్టు."

"నా వల్ల కాదు మావా."

"నాను కడితే నువ్వు మల్లీ పిల్లని ఎక్కడో దాసీత్తావు. నువ్వే కట్టు."

సూర్యకళ కూతురి నడుముకి తాడు చుట్టింది.  కళ్ళు కనపడటం లేదు. అయినా ముప్ఫై ఏళ్ళు వలలకి వేసిన ముడి కాబట్టి అదే పడింది. డబ్బా వీపు మీదికి వచ్చేలా సర్దింది. ముడిని ఒకసారి లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది.

తాడు రెండో కొస పట్టుకుని అర్జునరావు ముందు నీళ్ళలోకి దిగాడు. ధనశ్రీ అతని వెనక అడుగు వెయ్యబోయింది. కదల్లేకపోయింది. నడుము దగ్గర తాడు ఇంకా తల్లి గుప్పిట్లోనే ఉంది.

పాదాల దాకా నీళ్ళు వచ్చి వెనక్కి వెళ్ళాయి.

"అమ్మా," అంది ధనశ్రీ. "తాడు ఒగ్గీయే."